ఇద్దరూ కన్సర్వేటివ్‌లే, ఇద్దరిదీ ఒకే పాట: ప్రైమరీలో ఎవరికి వేయాలి?

అడిగినది క్లుప్తంగా ఇది: "పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది. టెక్సస్‌లో ఉంటాం. రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) మొదటిసారి ఓటు వేయబోతున్నాను. యూఎస్ హౌస్ సీటుకు ఇద్దరు ముఖ్యంగా పోటీలో ఉన్నారు, ఇద్దరూ కన్సర్వేటివ్‌లే. ఒకాయన చాలా ఏళ్లుగా ఆ సీట్లో ఉన్నాడు, ఇమిగ్రేషన్ మీద నా ఓటింగ్ రికార్డు చూడండి అంటాడు. రెండో ఆయన కొత్త. టర్మ్ లిమిట్స్ (పదవిలో ఇన్ని టర్ములే అనే పరిమితి) ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాడు, పాతాయన బోర్డర్ విషయంలో మెత్తబడ్డాడు అంటాడు. ఏ విషయానికి ఎక్కువ విలువ ఇవ్వాలి? తమ్ముడు హెచ్-1బి మీద ఉన్నాడు, ఆ టెన్షన్ కూడా ఉంది."

నేను ఉత్తర టెక్సస్‌లో చాలాకాలంగా పార్టీ ప్రెసింక్ట్ చైర్‌గా, అంటే మా పోలింగ్ ప్రాంతంలో పార్టీ ప్రతినిధిగా ఉన్నాను. మా కౌంటీలో ప్రైమరీ సీజన్ వస్తే అభ్యర్థులు మాలాంటి వాళ్ల చుట్టూ తిరుగుతారు. కాబట్టి ఈ రెండు హామీలూ అన్ని రకాల గొంతుల్లోనూ విన్నాను. ఎవరికి వేయమని చెప్పను, చెప్పకూడదు కూడా. ఎలా తూచాలో మాత్రం చెప్తాను.

సూటిగా చెప్పాలంటే: ఇమిగ్రేషన్ అమలు మీద వాళ్లిద్దరి మధ్య నిజమైన తేడా ఎక్కడుందో ముందు తేల్చుకోండి, ఓటు దాని మీదే వేయండి. టర్మ్ లిమిట్స్‌ను ఆఖర్న, ఇద్దరూ సమానంగా తూగినప్పుడే లెక్కలోకి తీసుకోండి. మొదటిదాని మీద కాంగ్రెస్ సభ్యుడు ఏటా ఓటు వేస్తాడు, డబ్బు కేటాయిస్తాడు. రెండోదాని మీద సభలో రాజ్యాంగ సవరణకు ఓటు వేసే అవకాశం ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ రాకపోవచ్చు.

టర్మ్ లిమిట్స్ సంగతి ముందు ముగిద్దాం, అది చిన్నది. 1994లో రిపబ్లికన్లు హౌస్ గెలిచినప్పుడు వాళ్ల హామీల పత్రంలో ఇది ఉంది. 1995 మార్చిలో 12 ఏళ్ల పరిమితి సవరణ సభ ముందుకొస్తే 227 మంది అనుకూలంగా, 204 మంది వ్యతిరేకంగా వేశారు. మెజారిటీ వచ్చింది కానీ రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు, అంటే 290 దాకా కావాలి. వ్యతిరేకించిన వాళ్లలో జుడీషియరీ కమిటీ చైర్మన్ హెన్రీ హైడ్ ఉన్నాడు. ఆయన ఏమాత్రం మెతక రకం కాదు, పక్కా కన్సర్వేటివ్. ఓటర్లు కోరుకున్నవాణ్ని చట్టం పెట్టి ఆపడమేంటని ఆయన వాదన. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇంకో దారీ మూసేసింది. ఆర్కెన్సా కేసులో ఇచ్చిన ఆ తీర్పు ప్రకారం రాష్ట్రాలు తమ కాంగ్రెస్ సభ్యులకు సొంతంగా పరిమితి పెట్టలేవు. అప్పటికి 23 రాష్ట్రాలు పెట్టుకున్న పరిమితులు ఒక్క తీర్పుతో పోయాయి. ఆ తర్వాత మిగిలింది రాజ్యాంగ సవరణే: రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం. 2023లో మళ్లీ తెస్తే రిపబ్లికన్ల చేతిలో ఉన్న జుడీషియరీ కమిటీలోనే ఆగిపోయింది.

ఇక ఆ ప్రమాణపత్రం. దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, మీకూ ఉన్నట్టుంది. సంతకం పెట్టినవాడు మూడు టర్ములయ్యాక ఇంటికి వెళ్లిపోతానని ఒప్పుకున్నట్టు కాదు. హౌస్‌కు మూడు టర్ములు, సెనేట్‌కు రెండు టర్ములు అనే సవరణకు మద్దతిస్తాను, ఓటేస్తాను అని మాత్రమే ఒప్పుకున్నట్టు. ఆ రెండూ వేరువేరు మాటలు. టెడ్ క్రూజ్ ఈ సవరణను సెనేట్‌లో ఒకటికి నాలుగుసార్లు పెట్టాడు. 2024లో మూడోసారి సెనేట్‌కు పోటీ చేసి గెలిచాడు. అందరికీ ఒకే నియమం ఉంటే నేనూ పాటిస్తాను, నేనొక్కణ్నే ఎందుకు దిగిపోవాలి అని ఆయన సమాధానం. తర్కం ప్రకారం తప్పేమీ లేదు, కానీ ఓటరుకు తెలిసి ఉండాలి. పైగా ఆ సవరణలో ఒక వాక్యం ఉంది, ఆమోదం పొందక ముందు మొదలైన టర్ములు లెక్కలోకి రావు. అంటే ఇరవై ఏళ్లుగా కూర్చున్నవాడికి కూడా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

కాబట్టి కొత్త అభ్యర్థిని "మీరు టర్మ్ లిమిట్స్‌కు అనుకూలమా" అని అడక్కండి. "గెలిస్తే ఏ ఏడాది మళ్లీ పోటీ చేయరు?" అని అడగండి. నేను ఫోరమ్‌లలో ఎప్పుడూ అడిగేది ఇదే. ఒకసారి ఒక కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఓ యువ అభ్యర్థి పావుగంట సేపు పాతుకుపోయిన నాయకుల మీద విరుచుకుపడ్డాడు. ఏ ఏడాది దిగిపోతారు అని అడిగితే "ప్రజలు కోరుకున్నంత కాలం" అన్నాడు. వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. ఇంకొకాయన అదే ప్రశ్నకు తడుముకోకుండా ఏడాది చెప్పి, అక్కడున్న మమ్మల్ని రాసిపెట్టుకోమన్నాడు. రెండో ఆయన ఓడిపోయాడు, అది వేరే సంగతి.

ఏడాది చెప్పినంత మాత్రాన నిలబడతారనీ లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జార్జ్ నెదర్‌కట్ 1994లో సాక్షాత్తూ స్పీకర్ టామ్ ఫోలీనే ఓడించాడు. ఫోలీ తన రాష్ట్రంలోని టర్మ్ లిమిట్స్ మీద కోర్టుకెళ్లాడు, నెదర్‌కట్ మూడు టర్ములే అని మాటిచ్చాడు. 2000 వచ్చేసరికి ఆ మాట తప్పి మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ గెలిచాడు కూడా. అదే 1994లో ఓక్లహోమా నుంచి వచ్చిన టామ్ కోబర్న్ చెప్పినట్టే మూడు టర్ములయ్యాక వెళ్లిపోయాడు, తర్వాత కొన్నేళ్లకు సెనేట్‌కు వచ్చాడు. మాట తప్పినవాణ్ని ఓటర్లు శిక్షించలేదన్నది నెదర్‌కట్ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం. ఏ అభ్యర్థికైనా ఆ సంగతి తెలుసు.

టర్మ్ లిమిట్స్ అసలు మంచివా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. నా అభిప్రాయం ఒక్క ముక్కలో: పదవి మారుతుంది, పెత్తనం చోటు మారకపోవచ్చు. మన ఊళ్లలో రిజర్వేషన్ రొటేషన్ మీద సర్పంచ్ సీటు మారినా, పాత పెద్దమనిషి తన మనిషిని నిలబెట్టి పంచాయతీని ఇంట్లోంచే నడిపించడం మనం చూడనిది కాదు. ఇక్కడ ఆ పాత్ర లాబీయిస్టులది, పాత స్టాఫ్‌ది. మిషిగన్ తన రాష్ట్ర అసెంబ్లీకి 1992లో పెట్టుకున్న కఠినమైన పరిమితులను 2022లో ఓటర్లే సడలించి, ఏ సభలో ఉన్నా మొత్తం 12 ఏళ్లు అని మార్చుకున్నారు. అలాగని దండగ అనను. హౌస్ రిపబ్లికన్లు 1995 నుంచి తమ కమిటీ చైర్మన్లకు ఆరేళ్ల పరిమితి పెట్టుకున్నారు. అది చట్టం కాదు, పార్టీ నియమం. అయినా పని చేస్తోంది, చైర్మన్ పదవి అయిపోగానే రిటైరైన వాళ్లు చాలామంది ఉన్నారు. మీ పాత అభ్యర్థి కమిటీలో నా సీనియారిటీ చూడండి అంటుంటే, ఆ సీనియారిటీకి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందో చూడండి.

(రాష్ట్ర అసెంబ్లీ అభ్యర్థి ఎవరైనా కాంగ్రెస్ టర్మ్ లిమిట్స్ గురించి మాట్లాడితే, టెక్సస్ అసెంబ్లీ దానితో సహా మరికొన్ని సవరణల కోసం కన్వెన్షన్ (రాజ్యాంగ సవరణలు ప్రతిపాదించే రాష్ట్రాల సమావేశం) కోరుతూ 2017లోనే తీర్మానం చేసిందని గుర్తు చేయండి. మన గవర్నర్‌కు, మన అసెంబ్లీకి మాత్రం ఈ రాష్ట్రంలో ఏ పరిమితీ లేదు. అది తెస్తారా అని అడిగి ముఖం చూడండి.)

ఇప్పుడు అసలు విషయం. "ఇమిగ్రేషన్ చట్టాలు గట్టిగా అమలు చేస్తాం" అనని రిపబ్లికన్ అభ్యర్థి టెక్సస్‌లో ఉండడు. కాబట్టి ఆ మాట విని ఇద్దరినీ విడదీయలేరు. ఆ మాట కింద కనీసం నాలుగు వేర్వేరు పనులున్నాయి: సరిహద్దు, దేశం లోపల అరెస్టులు, ఉద్యోగమిచ్చే చోట తనిఖీ, చట్టబద్ధ వీసాలు. ఒకదాంట్లో పులిలా ఉన్నవాడు ఇంకోదాంట్లో నోరు మెదపడు.

సరిహద్దు విషయంలో ఇద్దరి మధ్య తేడా వెతకడం వృథా. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద బడ్జెట్ చట్టంలో గోడకు 4,650 కోట్ల డాలర్లు, నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు ఇచ్చారు. రిపబ్లికన్ సభ్యుల్లో దాదాపు అందరూ ఓటేశారు. ఈ ఇద్దరిలో ఎవరు గెలిచినా ఇలాంటి ఓటే వేస్తారు. అయితే "పాతాయన మెత్తబడ్డాడు" అన్న ఆరోపణకు ఆధారం ఏంటో మాత్రం అడగండి, ఏ బిల్లు, ఏ తేదీ అని. 2024 ఫిబ్రవరిలో ఓక్లహోమా సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫర్డ్ డెమొక్రాట్లతో కలిసి సరిహద్దు బిల్లు రాశాడు. ఆయన కన్సర్వేటివ్ కాడని ఎవరూ అనలేరు. ఉన్నంతలో గట్టి చట్టం ఇదే అని ఆయన, ఇది లొంగుబాటు అని సొంత పార్టీలోనే చాలామంది. బిల్లు సెనేట్‌లోనే పడిపోయింది. అందులో ఎవరు నిజంగా గట్టి అన్నది మీరు నిర్ణయించుకోవాల్సిన విషయం. కానీ ప్రచార కరపత్రంలో "మెతక" అన్న మాట వెనక చాలాసార్లు ఇలాంటి ఎత్తుగడల తేడాయే ఉంటుంది.

లోపలి అరెస్టుల దగ్గర కొంచెం తేడా కనపడుతుంది. 287(జి) అనే నిబంధన 1996 చట్టం నుంచి ఉంది, స్థానిక పోలీసులకు, షెరిఫ్‌లకు ఇమిగ్రేషన్ అధికారాలు అప్పగించే ఒప్పందం అది. జైళ్లు నడిపే కౌంటీ షెరిఫ్‌లు ఇలాంటి ఒప్పందం చేసుకోవాల్సిందేనని టెక్సస్ 2025లో చట్టం చేసింది. జైల్లో ఇప్పటికే ఉన్నవాణ్ని గుర్తించి ఐస్‌కు (ఫెడరల్ ఇమిగ్రేషన్ అమలు సంస్థకు) అప్పగించడం ఒకటి, రోడ్డు మీద కారు ఆపి కాగితాలు అడగడం ఇంకొకటి. రెండిటికీ వేరువేరు రకాల ఒప్పందాలున్నాయి. మీ అభ్యర్థి ఏది సమర్థిస్తున్నాడో అడిగితే, ఆ తేడా తెలిసినవాడెవరో తెలియనివాడెవరో అక్కడే తేలిపోతుంది. సిటిజన్ అయినా గ్రీన్ కార్డు ఉన్నా మన రంగుకు మనల్నీ ఆపరా అనే భయం మనవాళ్లలో ఉంది. దాన్ని దాచుకోకుండా నేరుగా అడగొచ్చు. ఓటరుగా మీకా హక్కుంది.

నా అనుభవంలో అభ్యర్థిని బయటపెట్టే ప్రశ్న మూడోది: ఈ-వెరిఫై. కొత్త ఉద్యోగికి పని చేసే అనుమతి ఉందో లేదో ప్రభుత్వ డేటాబేస్‌లో చూసే పద్ధతి ఇది. ప్రైవేటు యజమానుల్లో చాలామందికి ఫెడరల్ చట్టం ప్రకారం ఇది ఐచ్ఛికమే. అరిజోనా 2007లో యజమానులందరికీ తప్పనిసరి చేస్తే వ్యాపార సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 2011లో అరిజోనాయే గెలిచింది. సౌత్ కరోలినాలో నిక్కీ హేలీ 2011లో ఇలాంటి చట్టం మీద సంతకం చేసింది. ఫ్లోరిడాలో రాన్ డిశాంటిస్ 2023లో 25 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు తప్పనిసరి చేశాడు. మరి టెక్సస్? ఆపరేషన్ లోన్ స్టార్ పేరిట సరిహద్దు మీద 1,100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టిన రాష్ట్రం. ఇక్కడ మాత్రం ఈ-వెరిఫై ప్రధానంగా ప్రభుత్వ ఏజెన్సీలకు, వాటి కాంట్రాక్టర్లకే వర్తిస్తుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మన చుట్టూ లేస్తున్న ఇళ్ల కప్పుల మీద పనిచేసేది ఎవరో బిల్డర్లకు తెలుసు, బిల్డర్లు విరాళాలిచ్చేది ఎవరికో అభ్యర్థులకు తెలుసు.

అందుకని సరిహద్దు గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాడు ఈ-వెరిఫై మాటెత్తగానే "చిన్న వ్యాపారులకు భారం కదా" అని నసుగుతాడు. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశానో. అయితే కాదన్న ప్రతివాడూ విరాళాల కోసమే అంటున్నాడని అనుకోకండి. 2023 మేలో హౌస్ ఆమోదించిన సరిహద్దు భద్రత బిల్లులో ఈ-వెరిఫై తప్పనిసరి చేసే భాగం ఉంది. 219-213తో గట్టెక్కింది. రిపబ్లికన్లలో ఇద్దరే వ్యతిరేకించారు. ఒకరు కాలిఫోర్నియా రైతు జాన్ డ్వార్టే, పొలాల్లో కూలీల సమస్య ఆయనది. రెండోవాడు కెంటకీకి చెందిన థామస్ మాసీ. ఎవరు ఉద్యోగం చేయొచ్చో ప్రభుత్వం అనుమతి ఇవ్వడమేంటని ఆయన సిద్ధాంతం. మాసీ మాటతో నేను ఏకీభవించను. కానీ ముందే చెప్పి, ఒంటరిగా నిలబడి వేసిన ఓటు అది, దాని మీద నాకు గౌరవం ఉంది. మీ పాత అభ్యర్థి అప్పుడు సభలో ఉన్నాడు కాబట్టి ఆయన ఓటు కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కొత్తాయన్ని "ఆ బిల్లుకు మీరైతే ఏం వేసేవారు" అని అడగండి. బిల్లు సంగతి తెలియకపోతే, ఇమిగ్రేషన్ పేరుతో పోటీ చేస్తూ ఆ హోంవర్క్ చేయలేదన్నమాట.

ఇక మీ తమ్ముడి విషయం. ఇక్కడ మనవాళ్లు రెండు రకాలుగా పొరపడతారు. "మనం లీగల్‌గా వచ్చాం, అమలు గురించి మనకేం భయం" అనేది ఒకటి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి కాలేజీ కేసులో దొరికిపోయిన పిల్లల్లో చాలామంది మన తెలుగువాళ్లే. వీసా మీద వచ్చినవాళ్లే. రెండో పొరపాటు దానికి తలకిందులు: ఎన్‌ఫోర్స్‌మెంట్ అన్నవాడల్లా మనకు శత్రువు అనుకోవడం.

హెచ్-1బి మీద 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు అధ్యక్షుడి ప్రకటన ద్వారా వచ్చింది. కాంగ్రెస్ ఓటుతో కాదు. కాబట్టి దాని ఆధారంగా హౌస్ అభ్యర్థిని నిలదీస్తే "నా చేతిలో లేదు" అని తప్పించుకుంటాడు. ఆయన చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. ఏడాదికి 65,000, పైన అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు 20,000 అనే హెచ్-1బి పరిమితి కాంగ్రెస్ పెట్టిందే. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమమూ కాంగ్రెస్ చట్టమే. మీ తమ్ముడిలాంటి వాళ్లు క్యూలో ఏళ్ల తరబడి ఆగిపోవడానికి ముఖ్య కారణం అదే. ఉద్యోగ ఆధారిత కేటగిరీల్లో ఆ నియమం తీసేసే బిల్లు 2019 జులైలో హౌస్‌లో 365-65తో గెలిచింది. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నది యూటా రిపబ్లికన్ మైక్ లీ, ఆయన కన్సర్వేటివ్‌లలోకెల్లా కన్సర్వేటివ్. 2020 డిసెంబరులో సెనేట్ కూడా ఇంకో రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ కలవక సమయం అయిపోయి ఆగిపోయింది. మీ పాత అభ్యర్థి ఆనాడే సభలో ఉంటే ఆ 365లో ఉన్నాడో 65లో ఉన్నాడో చూడండి. మీ ఇంటికి సంబంధించినంతవరకు ఆయన రికార్డులో నేను మొదట చూసే ఓటు అదే. ఈ రోజుల్లో టెక్సస్ ప్రైమరీల్లో హెచ్-1బిని తిట్టడం ఫ్యాషన్ అయింది. "పద్ధతి దుర్వినియోగం అవుతోంది, సరిచేయాలి" అనేవాడికీ, "ఒక్కరూ రాకూడదు" అనేవాడికీ తేడా పట్టుకోండి. దుర్వినియోగం లేదని మనం కూడా గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం కదా, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల కథలు తెలియని తెలుగు ఇల్లు ఇక్కడ ఉందా?

ఇదంతా కలిపితే మీ ఇద్దరు అభ్యర్థుల్లో ఎటు మొగ్గాలి? పాతాయన 2023 బిల్లుకు ఓటేసి, 2019 ఓటు కూడా మీకు నచ్చేలా ఉంటే, ఆయన ఎన్నేళ్లుగా ఉన్నాడన్నది నాకైతే అడ్డు కాదు. ఆయన రికార్డు కేవలం అందరితో కలిసి వేసిన ఓట్లే అయి, ఈ-వెరిఫై అడిగితే దాటేస్తుంటే, కొత్తాయన సూటిగా జవాబిస్తుంటే, అప్పుడు కొత్తాయనకు అవకాశం ఇవ్వడంలో తప్పు లేదు. అప్పుడు కూడా కారణం ఆయన జవాబే, సంతకం పెట్టిన ఆ కాగితం కాదు. ఇద్దరూ ఒకేలా దాటేస్తే, ఏ ఏడాది దిగిపోతాడో చెప్పినవాడికి వేయండి. నేనైనా అదే చేస్తాను.

కొత్త ఓటరు కాబట్టి ఆచరణలో కొన్ని సంగతులు. సిటిజన్‌షిప్ వచ్చినంత మాత్రాన ఓటరు నమోదు దానంతటది జరగదు. ఎన్నికకు కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. 2025లో కాంగ్రెస్ డిస్ట్రిక్టుల గీతలు మార్చారు, కాబట్టి మీ ఇల్లు ఇప్పుడు ఏ డిస్ట్రిక్టులో ఉందో కౌంటీ సైట్‌లో మళ్లీ చూసుకోండి. మీరు చదువుతున్న అభ్యర్థి అసలు మీవాడు కాకపోవచ్చు. టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, పోలింగ్ దగ్గరే ఏ ప్రైమరీయో చెప్పాలి. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే మేలో జరిగే రన్‌ఆఫ్‌లో రెండో పార్టీకి వేయడం కుదరదు. సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతేనే రన్‌ఆఫ్. దానికి జనం ఇంకా తక్కువ వస్తారు, మా ప్రెసింక్టులో అప్పుడు లైనే ఉండదు. పోలింగ్ గదిలో ఫోన్ వాడనివ్వరు, కాబట్టి పేర్లు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అది తప్పు కాదు, నేనూ అలాగే వెళ్తాను. హౌస్ సీటు ఒక్కటే అనుకుని వెళ్తే బ్యాలెట్ మీద జడ్జీల పేర్లే పేజీలకొద్దీ కనిపిస్తాయి.